ఎడ్నమ్మగారి సమాధికి వెల్ల

అమెరికా వెళ్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి మా ఊళ్లో నా గుమ్మం తొక్కని మనిషి లేడు. ఒకరికి చేతి గడియారం కావాలి, ఒకరికి నైలాన్ చీర కావాలి, మా మరిదికి ఏకంగా టేప్‌రికార్డరే కావాలి. అందరికీ సరే అన్నాను, ఎవరికీ తేలేదు. ఒక్క విషయంలో మాత్రం మాట నిలబెట్టుకున్నాను. మా మిషన్ బడిలో చదివిన పాతకాలపు ఆడవాళ్లంతా కట్టగట్టుకుని వచ్చారు. వాళ్లలో పెద్దది మరియమ్మత్త. కొవ్వొత్తుల పొట్లం ఒకటి నా ఒళ్లో పెట్టి చెప్పింది.

"ఎడ్నమ్మగారి సమాధి ఎక్కడుందో వెతుక్కుని పో. వెల్ల వెయ్యి, కొవ్వొత్తి వెలిగించు. ఊరికే చూసొచ్చానంటే మాత్రం ఒప్పుకునేది లేదు."

ఎడ్నమ్మగారంటే మిస్ ఎడ్నా. గుంటూరు జిల్లాలోని మా ఊరికి పడుచుపిల్లగా వచ్చి, ఆడపిల్లలకి బడి పెట్టి, జుట్టు నెరిసేదాకా నడిపి, ఇక ఓపిక లేక స్వదేశం వెళ్లిపోయిన దొరసాని. వెళ్లిన కొన్నేళ్లకి అక్కడే పోయిందని కబురొచ్చింది. ఆవిడ బడే లేకపోతే నేను ఈపాటికి ఎవరి చేలోనో మిరపకాయలు కోస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు అదే బడికి హెడ్మిస్ట్రెస్‌ని. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. మనిషన్నాక చెప్పుకోవడానికి ఒక్క గొప్పయినా ఉండాలి.

తెలియని పాఠకుల కోసం సమాధుల పండుగ గురించి రెండు ముక్కలు. మా పక్కింటి శాస్త్రిగారికి పెద్దల అమావాస్య ఎలాగో, మాకు నవంబరు రెండో తారీఖు అలాగ. ముందు కలుపు పీకి, సమాధులకి సున్నం కొడతాం. ఆ రోజు బంతిపూల దండలు వేసి, పొద్దువాలాక కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ల పేరు పైకి చెబుతాం. మనసులో అనుకుంటే చాలదు, పదిమందికీ వినపడాలి. వచ్చినవాళ్లకి బెల్లం గవ్వలో, బూందీయో పంచుతాం. ఎక్కడో దూరాన పోయి, మా ఊళ్లో సమాధి లేనివాళ్లకి గోడ పక్కన మట్టిలో కొవ్వొత్తి గుచ్చుతాం. ఎడ్నమ్మగారి కొవ్వొత్తి ఏటా ఆ గోడ పక్కనే వెలిగేది. అంతటి మనిషిని అనాథలా గోడవార నిలబెట్టామని మా ఆడవాళ్లకి మహా చిన్నతనంగా ఉండేది.

షికాగో: ఇంటి ముందు సమాధులు

ఎనభైల మొదట్లో సంగతి ఇది. చర్చి మహిళల సభలకి మా జిల్లా తరఫున నన్ను పంపారు. సభలు అయ్యేసరికి అక్టోబరు చివరి వారం వచ్చేసింది. చెట్ల ఆకులు పసుపూ కుంకుమా కలబోసుకుని రాలుతున్నాయి. ఒకరోజు పొద్దున్నే చీర మీద స్వెట్టరు, మేజోళ్ల మీద చెప్పులు వేసుకుని వీధిలో నడకకి బయల్దేరాను.

నాలుగిళ్లు దాటానో లేదో, ఒకింటి ముందు పచ్చికలో మూడు సమాధి రాళ్లు కనపడ్డాయి. నా గుండె చెరువైపోయింది. మూడు చావులు ఒకే ఇంట్లో, పైగా గుమ్మం ఎదురుగానే పూడ్చుకున్నారు, పాపం ఎంత ప్రేమ ఉంటే అలా చేస్తారు అనుకున్నాను. కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. కళ్లు తెరిచేసరికి ఆ ఇంటావిడ కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. "మీకు కలిగిన నష్టానికి చాలా విచారిస్తున్నాను" అన్నాను. ఆవిడ ఒక రాయిని ఒంటిచేత్తో ఎత్తి చూపించింది. అట్టలాంటి తేలిక సరుకు. దుకాణంలో మూడు డాలర్లట.

హాలోవీన్ అనే దయ్యాల పండుగ వస్తోందని అప్పుడు తెలిసింది నాకు. తర్వాత ఎటు చూసినా అదే. దుకాణాల అద్దాల్లో ఎముకల గూళ్లు, చీపురు మీద మంత్రగత్తెలు, గుమ్మానికో గుమ్మడికాయ. మా వైపు కొత్త ఇంటికి దిష్టి తగలకుండా బూడిదగుమ్మడికాయ వేలాడదీస్తారు. వీళ్లు ఎర్రగుమ్మడికాయకి కళ్లూ పళ్లూ చెక్కి, లోపల దీపం పెట్టి మెట్ల మీద కూర్చోబెడతారు. అంత మంచి కాయలు పులుసుకి పనికిరాకుండా పోతున్నాయని నా ప్రాణం ఉసూరుమంది. చావుతో పరాచికాలేమిటని కోపం కూడా వచ్చింది. మేం సమాధి ముందు చెప్పులు విడుస్తాం, వీళ్లు సమాధుల్ని అంగట్లో కొంటున్నారు.

కొలంబస్: బిచ్చగాళ్ల రాత్రి

ఎడ్నమ్మగారి ఊరికి దగ్గరి పట్నం కొలంబస్. అక్కడ బస్సు దిగేసరికి సంతోషం చేతులూపుతూ నిలబడి ఉంది. సంతోషమ్మ నా దగ్గర చదువుకున్న పిల్ల. నర్సు ట్రైనింగయ్యి, ఇక్కడి ఆసుపత్రిలో పనిచేస్తోంది. చదువుకునేటప్పుడు నన్ను చూస్తే గడగడ వణికేది. ఇప్పుడు ఓడంత కారు నడుపుతూ, "సీటు బెల్టు పెట్టుకోండి టీచర్‌గారూ, హైవే మీద వెళ్తున్నాం" అని నాకే ఆర్డర్లు వేస్తోంది. నా కడుపు నిండిపోయింది.

ఆ ఊళ్లో పిల్లలు హాలోవీన్‌కి ముందురోజే ఇంటింటికీ వెళ్తారు. దానికి బిచ్చగాళ్ల రాత్రి అని పేరు. వేషాలు వేసుకుని సంచులు చాపితే మిఠాయి వెయ్యాలి. నేను ఊరుకుంటానా? మధ్యాహ్నమే పిండి కలిపి, ఫోర్కు వెనక రుద్ది, పళ్లెం నిండా బెల్లం గవ్వలు చేశాను. బెల్లం దొరక్క గోధుమరంగు పంచదారతో పాకం పట్టాను, అయినా బాగానే కుదిరాయి.

చీకటి పడకముందే తలుపు తట్టారు. ఒక దయ్యం, ఒక పిల్లి, ఒక సముద్రపు దొంగ. తలో గుప్పెడు గవ్వలు సంచుల్లో పోశాను. గుమ్మం అవతల నిలబడ్డ తల్లి మొహంలో రంగు మారింది. పిల్లల్ని తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

"టీచర్‌గారూ, వాళ్లు అవి పారేస్తారండి" అంది సంతోషం నసుగుతూ. "ఎవరో క్యాండీలో పిన్నులు, బ్లేడ్లు పెడుతున్నారని టీవీలో ఒకటే వార్నింగులు. ఇంట్లో చేసినవి తినొద్దు, సీల్డ్ ప్యాకెట్లే తీసుకోండి అంటున్నారు. ప్రతి తల్లీ ఇంటికెళ్లి చెక్ చేస్తుంది."

"నేను పిన్నులు పెట్టేదానిలా కనపడుతున్నానా?"

"మీరు కాదండీ. వాళ్లకి మీరెవరో తెలీదు కదా."

అదీ నిజమే. మనిషెవరో తెలియకపోతే చేతివంట కూడా విషంలాగే కనపడుతుంది. నేను ఆ పళ్లెం ముందు పెట్టుకుని కసికొద్దీ తిన్నాను. మిగిలినవి పొద్దున మా దారికి డబ్బాలో పోసుకున్నాం.

ఎడ్నమ్మగారి ఊరు

మర్నాడు సంతోషం సెలవు పెట్టి కారులో తీసుకెళ్లింది. కొండల మధ్య చిన్న ఊరు. ఒక చర్చి, ఒక బడి, ఒక పెట్రోలు బంకు, రైతుల సరుకులమ్మే కొట్టు. ఎడ్నమ్మగారి తమ్ముడి కూతురు డొరోతీ మాకు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్లింది. అరవై ఏళ్లుంటాయి. గుమ్మడికాయతో చేసిన తీపి పిండివంట పెట్టింది, దాల్చినచెక్క ఘాటు కొడుతూ బాగుంది. కాయంతా వృథా చెయ్యడం లేదని నాకు కాస్త శాంతి కలిగింది.

సమాధి చూడాలనేసరికి డొరోతీ చేతులు నలుపుకుంది. "ఇవాళ వద్దు. రేపు వెళ్దురుగాని. ఇవాళ అక్కడ పిల్లలు తిరుగుతారు" అంది.

"పిల్లలు తిరిగితే నాకేం? నా ఉద్యోగమే పిల్లలతో."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. మేనత్త ఇండియా నుంచి తిరిగొచ్చాక ఊళ్లో ఎవరితోనూ కలవలేదట. తోటలో చెప్పుల్లేకుండా తిరిగేదట. తెల్లని గుడ్డ తలమీదుగా కప్పుకునేదట. అందరూ హాలోవీన్ అయిపోయి గుమ్మడికాయలు చెత్తలో పడేశాక, రెండు రోజులకి ఆవిడ ఒక్కతే వాకిట్లో కొవ్వొత్తి వెలిగించి ఏవేవో పేర్లు చదివేదట. పిల్లలు కంచె దగ్గరికొస్తే చెయ్యూపుతూ ఏదో మంత్రం చదివేదట. ఊళ్లో పిల్లలంతా ఆవిడకి మంత్రగత్తె అని పేరు పెట్టారు. ఆవిడ పోయినా ఆ పేరు పోలేదు. ఏటా హాలోవీన్‌నాడు పిల్లలు పందేలు కాసుకుని, మంత్రగత్తె సమాధిని ముట్టుకుని పరిగెత్తుకొస్తారు.

"ఆ మంత్రం ఏమిటి?" అన్నాను.

డొరోతీ గుర్తుచేసుకుని, వంకర టింకరగా పలికింది. "రండీ, రండీ. కూచోండీ."

సంతోషం మొహం అటు తిప్పుకుంది. మా బడి వరండాలో రోజూ పొద్దున్నే ఆవిడ నోట విన్న మాట అది. "అది మంత్రం కాదమ్మా" అని డొరోతీకి చెప్పాను. "మా భాషలో దగ్గరికొచ్చి కూర్చోమని పిలవడం. అంతే."

డొరోతీ బల్ల మీద గుడ్డ పదేపదే సర్దుతూ ఉండిపోయింది. "నేను కూడా భయపడేదాన్ని" అంది చివరికి.

సున్నం బస్తా

శ్మశానం ఊరి చివర గుట్ట మీద. ఎంత అందంగా ఉందో! కత్తిరించిన పచ్చిక, వరుసలో నిలబెట్టిన రాళ్లు. ఎడ్నమ్మగారి రాయి మాత్రం ఒక పక్కకి విడిగా ఉంది. దాని మీద సబ్బుతో గీసిన పిచ్చి బొమ్మలు. రాయి అడుగున పగిలిన గుమ్మడికాయ, మిఠాయి కాగితాలు. రాతి మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, అంతే. ఆవిడ ఏం చేసిందో ఒక్క ముక్క లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. సంతోషాన్ని తిన్నగా రైతుల కొట్టుకి తీసుకెళ్లి సున్నం అడిగాను. పశువుల కొట్టాలకి వేసే పొడి సున్నం ఉందన్నాడు కొట్టతను. చిన్న బస్తా, బకెట్టు, వెడల్పాటి కుంచె, రెండు కుండీల పసుపుపచ్చ చామంతులు కొన్నాం. చామంతులు అక్కడ ఆ నెలలో ప్రతి గుమ్మంలోనూ ఉంటాయి. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

రాయి కడిగాం, చెత్త ఏరాం. సున్నం కలిపి నేను కుంచె పట్టాను. చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని ఉన్నాను, కొంగు తలమీద నుంచి కప్పుకున్నాను, చల్లగాలి కదా మరి. సంతోషం నీళ్లకని కిందికి వెళ్లింది. పొద్దు గుట్ట వెనక్కి జారుతోంది. నేను వంగి రెండో పూత వేస్తుంటే వెనక ఆకుల చప్పుడయింది. లేచి తిరిగి చూశాను. నలుగురు పిల్లలు. పందెం కాసి సమాధిని ముట్టుకోవడానికి వచ్చినట్టున్నారు. సమాధి పక్కనుంచి తెల్లచీరలో, మోచేతుల దాకా తెల్లటి చేతులతో లేచిన నన్ను చూసి వాళ్లు పెట్టిన కేక ఊరంతా వినపడి ఉంటుంది. దయ్యాల పండుగనాడు వాళ్లకి నిజం దయ్యం దొరికింది.

కాసేపటికి పోలీసు కారు వచ్చింది. దాంట్లోంచి యువకుడైన పోలీసు, అతని వెనక శ్మశానం చూసుకునే పెద్దాయన పాట్ దిగారు. ఆ ఒక్కరోజూ ఆకతాయిలు రాళ్లు పడదోస్తారని, రంగులు పూస్తారని వాళ్లు కాపలా ఉంటారట. అక్కడ రాయికి రంగు పూయడం పెద్ద నేరమట. మా ఊళ్లో పూయకపోవడం నేరం.

"మేడమ్, కుంచె కింద పెట్టండి" అన్నాడు పోలీసు.

"ఈ పక్క ఇంకా మిగిలింది బాబూ. సగంలో ఆపితే మరకలు కడుతుంది."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఏ దేశం నుంచి వచ్చారు? ఇంత మంచి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారు?"

నేను కుంచెతోనే రాయిని చూపించాను. "ఈవిడ దగ్గర."

నేను ఆగలేదు. ఎడ్నమ్మగారు ఎవరో, ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని బడికి పంపమని తల్లుల కాళ్లావేళ్లా ఎలా పడిందో, కలరా వచ్చినప్పుడు పిల్లల పక్కన ఎలా కూర్చుందో అన్నీ చెప్పాను. నీళ్లు మోసుకొచ్చిన సంతోషాన్ని ముందుకి తోసి, "మీ ఆసుపత్రుల్లో మీకు సూదులేస్తున్న ఈ పిల్లకి చదువు చెప్పింది నేను. నాకు చెప్పింది ఆవిడ" అన్నాను. మా బడి పరువు ఆ గుట్ట మీద నా గొంతులో ఉన్నట్టు అనిపించింది.

పాట్ వంగి వేలితో తడి సున్నం ముట్టుకున్నాడు. "ఇది పెయింటు కాదు. నాలుగు వానలు, ఒక మంచు పడితే పోతుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పోయేదాన్ని ఎందుకు వేస్తారు?" అని అడిగాడు.

"పోతుంది కాబట్టే ఏటా రావాలి" అన్నాను.

పోలీసు టోపీ తీసి పట్టుకున్నాడు. ఆ పక్క కూడా పూర్తి చేసుకోమన్నాడు.

పాట్ చెప్పిన పాత సంగతి

పాట్ తాతలు ఐర్లాండు నుంచి వచ్చినవాళ్లు. బకెట్టు కడుక్కుంటుంటే మా గవ్వల డబ్బా అతని ముందు పెట్టాను. మారుమాట లేకుండా నోట్లో వేసుకున్నాడు. ఆ ఒక్కదానికే ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. నములుతూ చెప్పాడు. వాళ్ల పాతదేశంలో పంటలు ఇంటికొచ్చి, చలికాలం మొదలయ్యే వేళ పోయినవాళ్లు ఇళ్లకి వస్తారని నమ్మేవారట. చెడ్డవి గుర్తుపట్టకుండా వేషాలు వేసుకునేవారట. ముల్లంగి లాంటి పెద్ద దుంపల్ని తొలిచి లోపల నిప్పు పెట్టేవారట. ఈ దేశం వచ్చాక గుమ్మడికాయ తొలవడం తేలికని దాన్ని పట్టుకున్నారు. చర్చి వాళ్లు ఆ రోజుల్లోనే నవంబరు ఒకటిని పరిశుద్ధుల పండుగ చేశారు, దాని ముందు సాయంత్రమే ఈ హాలోవీన్. ఇంగ్లండులో అయితే పేదవాళ్లు ఇంటింటికీ వెళ్లి రొట్టె అడుక్కుని, బదులుగా ఆ ఇంటి పోయినవాళ్ల కోసం ప్రార్థన చేసేవారట. ఇప్పుడు పిల్లలు మిఠాయి అడుక్కునేది దాని తోకే అన్నాడు.

"మరి ప్రార్థన ఏమయింది?" అన్నాను.

"అది దారిలో ఎక్కడో పడిపోయింది" అన్నాడు పాట్.

షికాగోలో వచ్చిన కోపం అప్పుడు తగ్గింది. మా పండుగకీ వీళ్ల పండుగకీ చుట్టరికం ఉంది. వీళ్లు వేషాలు దాచుకున్నారు, మేం పేర్లు దాచుకున్నాం. మాదే మెరుగని నా అభిప్రాయం, దాన్ని మార్చుకునే ఉద్దేశం లేదు.

నవంబరు రెండు

మధ్యలో ఒక రోజంతా డొరోతీ టెలిఫోన్ దగ్గరే కూర్చుంది. ఊళ్లో తల్లులందరికీ ఆవిడే చేసింది. "అది మంత్రగత్తె సమాధి కాదు, మా మేనత్తది. రేపు సాయంత్రం పిల్లల్ని తీసుకురండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. మొదట్లో మెల్లగా చెప్పింది, పోనుపోను గట్టిగానే చెప్పింది.

పొద్దువాలే వేళకి గుట్టెక్కాం. తెల్లగా మెరుస్తోంది మా సమాధి. చామంతి కుండీలు చెరోపక్కా పెట్టాం. మరియమ్మత్త పంపిన కొవ్వొత్తి వెలిగిస్తే గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను, మళ్లీ ఆరింది. నాలుగోసారి ఆరేసరికి నాకు ఏడుపొచ్చింది. సముద్రాలు దాటి తెచ్చింది ఇందుకా అనిపించింది. అప్పుడు పాట్ తన బండిలోంచి గుమ్మడికాయ ఒకటి ఎత్తుకొచ్చాడు. ఎవరో పండుగయ్యాక పారేసింది, కళ్లూ పళ్లూ చెక్కి ఉంది. దాని మూత తీసి, "ఇందులో పెట్టండి" అన్నాడు. మా ఊరి కొవ్వొత్తి ఆ కాయలో కదలకుండా వెలిగింది.

గేటు దగ్గర పదిహేనుమంది దాకా పిల్లలు, వెనక తల్లులు. ఒక్కరూ లోపలికి అడుగు పెట్టడం లేదు. నేను చెయ్యెత్తి, మా బడి వరండాలో పిలిచినట్టే తెలుగులో గట్టిగా పిలిచాను.

"రండి, రండి. కూర్చోండి."

డొరోతీ చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొన్న అందరికంటే గట్టిగా అరిచిన పొడుగు పిల్లాడు ముందు కదిలాడు. వాడి వెనకే మిగతావాళ్లు. పచ్చికలో వరుసగా కూర్చున్నారు. ఎడ్నమ్మగారి తరగతి మళ్లీ కూర్చున్నట్టుంది.

ఒక్కొక్కరి చేతికీ కొవ్వొత్తి ఇచ్చి, మా పద్ధతి చెప్పాను. వెలిగించి గుమ్మడికాయలో పెట్టాలి, రాతి మీద చెయ్యి వేసి పేరు పైకి చెప్పాలి, పరిగెత్తకూడదు. మా ఊళ్లో ఏమని పిలుస్తామో అలాగే పిలవాలి. పొడుగు పిల్లాడు రాతి మీద చెయ్యి ఆన్చి, తడబడుతూ "ఎడ్నమ్మగారు" అన్నాడు. చెయ్యి తీసి అరచేతికంటిన సున్నం చూసుకున్నాడు. ఒంటికి తుడుచుకోలేదు, అలాగే పట్టుకుని వెళ్లి కూర్చున్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మాట తిరగని నోళ్లతో అందరూ ఆ పేరే చెప్పారు. ఆఖర్న డొరోతీ చెప్పింది. ఆ తర్వాత నా వంతుకి నిలబడ్డాను. హెడ్మిస్ట్రెస్‌ని, అంతమంది పిల్లల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుపడలేదు.

డబ్బాలో మిగిలిన గవ్వలు పంచాను. తల్లులు చూస్తూనే ఉన్నారు. ఈసారి ఎవరూ వద్దనలేదు.

మళ్లీ మా ఊళ్లో

మరియమ్మత్త నన్ను కూర్చోనివ్వకుండానే అడిగింది. "వేశావా?"

"రెండు పూతలు" అన్నాను. అత్త నా చేతులు తన కళ్లకి అద్దుకుంది.

మరుసటి ఏడు సంతోషం సెలవుల్లో వచ్చింది. సరిగ్గా సమాధుల పండుగకి ముందే మా ఇంట్లో దిగింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. "బయల్దేరేముందు డొరోతీ ఫోన్ చేసిందండి టీచర్‌గారూ" అంది. "ఆ పిల్లలు సున్నం బస్తా కొని రెడీగా ఉన్నారంట. నీళ్లు ఎంత కలపాలో ఎవరికీ తెలియట్లేదంట. మిమ్మల్ని అడిగి చెప్పమంది."

నేను నోరు తెరిచేలోగా మూలనుంచి మరియమ్మత్త అందుకుంది.

"పల్చగా కలపొద్దని చెప్పు. జారిపోద్ది."